హస్కీ పెంపకం: ముచ్చట, వాస్తవం

సైబీరియన్ హస్కీ బండి లాగే కుక్క. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికో, వాకిట కాపలాకో, పొలాల్లో వేటకో తయారైన జాతి కాదిది. మంచు మీద తేలికపాటి బరువును ఓ మోస్తరు వేగంతో, అలుపు లేకుండా, ఎంతో దూరం లాక్కుపోవడానికి తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి. ఒంటిమీది బొచ్చు, కాళ్లలోని సత్తువ, తక్కువ తిండితో నెట్టుకురాగల శక్తి, కొత్తవాళ్లతోనూ చనువు, పిలిస్తే రాని మొండితనం, చివరికి ఊళ కూడా ఆ ఒక్క పనిని ఆనుకుని పెరిగినవే. ఆ పని లేని ఇంట్లో ఆ గుణాలు ఏ దారి పడతాయి? హస్కీ పెంపకం గురించి కలిగే సందేహాలన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి చేరతాయి.

ఈ జాతి పుట్టిల్లు రష్యాకు ఈశాన్యపు కొసన ఉన్న చుకోట్కా. అక్కడి చుక్చీ ప్రజలు సముద్రతీరపు వేటకు, రాకపోకలకు ఈ కుక్కల మీదే ఆధారపడ్డారు. అయితే బండి లాగే కుక్కల చరిత్ర చుక్చీల కంటే చాలా పాతది. సైబీరియాకు ఉత్తరాన జొఖోవ్ దీవిలో దొరికిన దాదాపు 9,500 ఏళ్ల నాటి కుక్క అవశేషంలోని జన్యువులను పరిశీలించి, నేటి స్లెడ్ (మంచుబండి) కుక్కలకు దానితో దగ్గరి చుట్టరికం ఉందని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పరిశోధనలోనే మరో సంగతి బయటపడింది. మనిషి వ్యవసాయంతో పాటు మారిన కుక్కలకు పిండిపదార్థాన్ని బాగా అరిగించుకునే జన్యువులు వృద్ధి చెందగా, స్లెడ్ కుక్కల్లో ఆ మార్పు అంతగా జరగలేదు. అవి కొవ్వు మీద బతకడానికి అలవాటు పడ్డాయి. అన్నం ప్రధానమైన ఇళ్లలో ఈ విషయానికి ఎంత విలువ ఉందో తిండి దగ్గర తెలుస్తుంది.

1908లో విలియం గూసాక్ అనే రష్యన్ బొచ్చుతోళ్ల వర్తకుడు ఈ కుక్కలను బేరింగ్ జలసంధి దాటించి అలాస్కాలోని నోమ్ పట్టణానికి తెచ్చాడు. పొడుగ్గా బలిష్ఠంగా ఉండే స్థానిక కుక్కల పక్కన ఇవి చిన్నవిగా కనిపించి నవ్వులపాలయ్యాయి. మరుసటి ఏడు నోమ్ నుంచి క్యాండిల్‌కు వెళ్లి తిరిగి వచ్చే 408 మైళ్ల పందెంలో మూడో స్థానం సాధించాక ఆ నవ్వులు ఆగిపోయాయి. 1910లో ఇదే జాతి కుక్కలతో జాన్ జాన్సన్ మొదటి స్థానం కొట్టాడు. 1915, 1916, 1917 సంవత్సరాల్లో వరుసగా లియొనార్డ్ సెప్పలా గెలిచాడు. 1925 చలికాలంలో నోమ్‌లో డిఫ్తీరియా సోకినప్పుడు సుమారు 20 మంది బండివాళ్లు, 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ 674 మైళ్ల దూరం మందును అయిదున్నర రోజుల్లో చేర్చారు. ఆఖరి మజిలీలో ముందు నడిచిన బాల్టో అనే కుక్క పేరు లోకానికి పాకింది, అదే ఏడాది చివర న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం లేచింది. అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన దారి నడిచింది మాత్రం సెప్పలా బండికి ముందుండి నడిచిన టోగో. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1930లో ఈ జాతికి గుర్తింపు ఇచ్చింది.

అంతవరకు పనికుక్కగా ఉన్న హస్కీ అక్కడి నుంచి ప్రదర్శనల కుక్క, ఆ పైన ఇంటి కుక్క అయింది. మన కాలంలో దాని గిరాకీ పెరగడానికి సినిమాలు, ఫోన్ తెరల మీద తిరిగే వీడియోలు పెద్ద కారణం. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహికలో తోడేళ్లుగా నటించినవి నిజానికి నార్తర్న్ ఇన్యుయిట్ అనే వేరే జాతి కుక్కలు. అయినా ఆ పోలికతో కొన్న హస్కీలు కొన్నాళ్లకే పాశ్చాత్య దేశాల ఆశ్రయాలకు చేరుతున్నాయని, కొనేముందు ఆలోచించమని ఆ ధారావాహిక నటుడు పీటర్ డింక్లేజ్ 2017లో బహిరంగంగా కోరాడు.

కొనేవాళ్ల అంచనా మొదట తప్పేది ఆకారం దగ్గరే. జాతి ప్రమాణం ప్రకారం మగ హస్కీ 20 నుంచి 27 కిలోలు, ఆడది 16 నుంచి 23 కిలోలు తూగుతుంది. ఎత్తు భుజం దగ్గర దాదాపు రెండడుగులు మించదు. ‘భారీ సైజు హస్కీ’ అని చూపించేది మాలమ్యూట్ అనే పెద్ద జాతితో సంకరమో, ఒళ్లు చేసిన కుక్కో అయి ఉంటుంది. కళ్ల విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. నీలికళ్లు ఉంటేనే అసలు జాతి అని అమ్మేవాళ్లు చెబుతారు. గోధుమరంగు కళ్లు, నీలికళ్లు, ఒకటి అదీ ఒకటి ఇదీ, అన్నీ ప్రమాణానికి సమ్మతమే. 18వ క్రోమోజోమ్‌పై ఏఎల్ఎక్స్4 అనే జన్యువు పక్కన కొంత భాగం రెండుసార్లు రావడంతో ఈ నీలం రంగు వస్తుందని 2018లో ఆరువేలకు పైగా కుక్కలపై జరిపిన పరిశోధన చెప్పింది. దానికి జాతి శుద్ధితో సంబంధం లేదు.

మరో మోసం ‘వూలీ కోట్’ పేరుతో సాగుతోంది. మామూలు హస్కీ కంటే పొడుగాటి, గుబురైన బొచ్చున్న పిల్లలకు ఆ పేరు పెట్టి ఎక్కువ ధర చెబుతారు. జాతి ప్రమాణం అలాంటి పొడుగు బొచ్చును దోషంగా లెక్కిస్తుంది. మంచులో ఆ బొచ్చు తడిసి గడ్డకడుతుంది, పనికి అడ్డం వస్తుంది. ఎండల్లో అది ఇంకా బరువైన దుప్పటి. అంటే దోషానికి అదనంగా డబ్బిచ్చి, మన వాతావరణానికి మరింత పనికిరాని కుక్కను ఇంటికి తెచ్చుకోవడమే.

బొచ్చు సంగతి వివరంగా తెలుసుకోవలసిందే. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఒంటిని అంటిపెట్టుకుని దూదిలా మెత్తని అడుగు పొర, దాని మీద సాఫీగా వాలి ఉండే పై వెంట్రుకల పొర. లోపలి పొర గాలిని పట్టి ఉంచి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ముక్కును తోకతో కప్పుకుని మంచులో ముడుచుకు పడుకున్నా చలి అంటకపోవడానికి కారణం అదే. ఏడాదికి రెండుసార్లు ఆ అడుగు పొర కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. మూడు నాలుగు వారాల పాటు రోజూ దువ్వాలి, దువ్విన ప్రతిసారీ సంచెడు బొచ్చు వస్తుంది. రుతువుల తేడా పెద్దగా తెలియని వేడి ప్రదేశాల్లో ఇది ఏడాది పొడవునా ఎంతో కొంత రాలుతూనే ఉంటుంది. అన్నంలో వెంట్రుక కనిపిస్తే కంచం తోసేసే ఇల్లయితే ఈ ఒక్క కారణమే చాలు, హస్కీని తెచ్చుకోకపోవడానికి. ఒక మంచి కూడా చెప్పాలి. హస్కీకి కుక్కవాసన తక్కువ, పిల్లిలా తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది, తరచూ స్నానం అక్కర్లేదు.

వేసవి రాగానే గుండు కొట్టించడం చాలామంది చేసే పని. మేలు చేద్దామనే చేస్తారు గానీ జరిగేది కీడు. పై వెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడతాయి. వాటిని తీసేస్తే చర్మం కమిలిపోతుంది. ఉత్తరదేశపు జాతుల్లో ఒకసారి గొరిగిన బొచ్చు నెలల తరబడి తిరిగి రాకపోవడం, వచ్చినా అతుకులు అతుకులుగా రావడం పశువైద్యులు తరచు చూసేదే. చేయవలసింది ఊడిన అడుగు పొరను అండర్‌కోట్ దువ్వెనతో పూర్తిగా తీసేయడం. అప్పుడు పై వెంట్రుకల మధ్య గాలి ఆడుతుంది.

ఆ రెండు పొరల బొచ్చు ఎండనుంచి కూడా కాపాడుతుంది కాబట్టి హస్కీ ఎక్కడైనా హాయిగా ఉంటుందన్న వాదన అమ్మకందారుల దగ్గర బాగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. బయటి వేడి లోపలికి చేరడాన్ని బొచ్చు కాస్త ఆలస్యం చేస్తుంది. కానీ ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడాన్నీ అది అడ్డుకుంటుంది. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున తప్ప చెమట గ్రంథుల వల్ల దానికి ఒరిగేది లేదు. నాలుక చాచి రొప్పుతూ, నోటి తడిని ఆవిరి చేసుకుంటూ ఒంటిని చల్లార్చుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే తడి ఆవిరి కాదు. అందుకే రామగుండం, రెంటచింతలల పొడి ఎండ ఎంత ప్రమాదమో, విశాఖ, కాకినాడ, మచిలీపట్నాల ఉక్కపోత హస్కీకి అంతే ప్రమాదం. థర్మామీటర్ 35 చూపించిందని కోస్తాలో నిశ్చింతగా ఉండడానికి లేదు.

కుక్క మామూలు ఒంటివేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే వడదెబ్బ. మెదడు, మూత్రపిండాలు, కాలేయం, పేగులు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంతసేపటికీ ఆగని రొప్పు, చిక్కటి జొల్లు, ముదురెరుపెక్కిన చిగుళ్లు, తూలుడు, వాంతి, రక్తంతో విరేచనం దాని లక్షణాలు. అప్పుడు చేయవలసిన పని ముందు చల్లార్చడం, తర్వాత ఆసుపత్రికి తరలించడం. నీడకు చేర్చి, కొళాయి నీళ్లు ఒంటినిండా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి భాగం తడిసేలా పోస్తూ ఫ్యాను పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే బంధిస్తుంది. కోలుకున్నట్టు కనిపించినా వైద్యుడికి చూపించి తీరాలి. లోపలి అవయవాలకు తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

దీనికి అందరూ చెప్పే జవాబు ఏసీ. నిజమే, మార్చి నుంచి జూన్ దాకా తెలుగు మైదానాల్లో హస్కీకి పగలంతా చల్లని గది తప్పనిసరి. కానీ ఆ జవాబులో రెండు చిక్కులున్నాయి. మొదటిది కరెంటు. ఇళ్లలోని మామూలు ఇన్వర్టరు ఫ్యాన్లను, లైట్లను నడుపుతుంది గానీ ఏసీని నడపలేదు. అందరూ ఉద్యోగాలకు వెళ్లిన ఇంట్లో, తలుపులు మూసిన గదిలో, రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో రెండు గంటలు కరెంటు పోతే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే స్లాబుల పద్ధతిలో నెలనెలా బిల్లు ఎంతో ఊహించడం కష్టం కాదు. హస్కీ ఆయుష్షు 12 నుంచి 14 ఏళ్లు కాబట్టి ఆ లెక్క అన్ని వేసవులకూ వేసుకోవాలి. రెండో చిక్కు అంతకంటే లోతైనది. ఏసీ ఎండకు విరుగుడే గానీ పరుగుకు కాదు.

హస్కీకి పరుగు శరీరంలోనే ఉన్న అవసరం. స్లెడ్ కుక్కల మీద ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో ఆశ్చర్యకరమైన సంగతి తేలింది. రోజుకు వంద మైళ్ల చొప్పున పరుగెత్తించినప్పుడు మొదటి రోజు కండరాల్లోని నిల్వలు తగ్గినా, తర్వాతి రోజుల్లో పరుగు సాగుతుండగానే అవి తిరిగి నిండాయి. అవి పరుగుకు అలవాటుపడి, అలసటను దాటిపోతాయన్నమాట. ఈ ఓపిక ఎక్కువగా కనిపించే పందెపు కుక్కలు అలాస్కన్ హస్కీలని పిలిచే సంకర జాతివి, ఇళ్లలో పెంచే సైబీరియన్లలో అంత ఉండకపోవచ్చు. ఉన్నంతలోనే ఇంటి హస్కీకి రోజూ గంట నుంచి రెండు గంటల గట్టి వ్యాయామం కావాలి. సందు చివరిదాకా తీసుకెళ్లి కాలకృత్యాలు తీర్పించి తీసుకురావడం దానికి వ్యాయామం కాదు.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రోజూ గంటల తరబడి పరుగెత్తవలసిన కుక్క, ఏడాదిలో నాలుగైదు నెలలు సూర్యోదయం తర్వాత బయటికి రాకూడని కుక్క. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున అయిదింటికి ముందు, రాత్రి తొమ్మిది దాటాక తప్ప దానికి బయటి గాలి లేదు. సాయంత్రం చీకటి పడ్డాక కూడా తారు రోడ్డు వేడిగానే ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్క పాదాలు బొబ్బలెక్కుతాయి. తెల్లవారుజామున లేచి, మళ్లీ రాత్రి పొద్దుపోయాక కూడా ఏటా అన్ని నెలలు కుక్కను నడిపించే ఓపిక ఇంట్లో ఎవరికుంది? ఆ పేరు స్పష్టంగా చెప్పగలిగితేనే మిగతా విషయాలు ఆలోచించవచ్చు. ‘పిల్లలు చూసుకుంటారు’ అన్నది జవాబు కాదు. పిల్లలు పదో తరగతికో ఇంటర్‌కో వచ్చేసరికి హస్కీకి నడివయసు కూడా రాదు.

వ్యాయామం తక్కువైన హస్కీ తన పని తాను వెతుక్కుంటుంది. సోఫా చించుతుంది, తలుపు చెక్క గీకుతుంది, పూలకుండీలు తవ్వుతుంది. తవ్వడానికి మరో కారణం చల్లని మట్టి కోసం వెతుకులాట. పెరడున్న ఇంట్లో అన్నిటికంటే పెద్ద సమస్య పారిపోవడం. ఆరడుగుల ప్రహరీని దూకే హస్కీలు, గేటు కింద సొరంగం తవ్వేవి, గడియను ముక్కుతో ఎత్తేవి అరుదు కాదు. పారిపోయేది ఇంటిమీద కోపంతో కాదు, ముందు దారి కనిపించడమే దానికి చాలు. పిలిస్తే వెనక్కి తిరగదు. కట్టు విప్పి వదిలిన హస్కీ మైళ్లు వెళ్లిపోతుంది, మన రోడ్ల మీద దాని గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పట్టీ లేకుండా బయట వదలకూడదన్నది హస్కీ పెంపకంలో ఎక్కడైనా మారని నియమం.

ఈ మొండితనాన్ని తెలివితక్కువతనం అనుకోవడం పొరపాటు. బండివాడి ఆజ్ఞను గుడ్డిగా పాటించే కుక్క మంచుగడ్డ పలచబడిన చోట అందరినీ నీళ్లలో ముంచుతుంది. ప్రమాదం కనిపిస్తే ఆజ్ఞను కాదనగల కుక్కే ముందు వరుసలో నిలిచేది. ఆ స్వతంత్ర బుద్ధే ఇంట్లో ‘మాట వినదు’ అన్న ఫిర్యాదుగా మారుతుంది. కొట్టి, కేకలేసి హస్కీని లొంగదీయాలని చూసినవాళ్లకు అది మరింత దూరమవుతుంది. చిన్న చిన్న పాఠాలు, వెంటనే అందే తినుబండారం, రోజూ ఒకే మాటకు ఒకే అర్థం, పనిచేసేది ఇదే. లాబ్రడార్ వారంలో నేర్చేది హస్కీకి నెల పట్టవచ్చు. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు ఇది తగిన జాతి కాదని దేశదేశాల పెంపకందారులు చెప్పేది ఇందుకే.

మనుషులతో మాత్రం ఇది చాలా మంచి కుక్క. ఊరికే కరిచే స్వభావం తక్కువ, ఇంటికొచ్చిన ఎవరినైనా తోకాడిస్తూ ఆహ్వానిస్తుంది. అంటే కాపలాకు పనికిరాదు. దొంగ వచ్చినా ఎదురెళ్లి పలకరించే రకం. పిల్లలతో చనువుగా ఉంటుంది కానీ ఆ ఉత్సాహంలో నాలుగేళ్ల పాపను తోసి పడేయగలదు. ఎంత నెమ్మదైన కుక్కనైనా పసివాళ్లతో ఒంటరిగా వదలకూడదు. చిన్న జంతువుల విషయం వేరు. చుక్చీలు వేసవిలో కుక్కలను స్వేచ్ఛగా వదిలేస్తే అవి తమ తిండి తామే వేటాడుకునేవి. ఆ వేటబుద్ధి ఇంకా పోలేదు. పిల్లులు, కోళ్లు, కుందేళ్లు, మేకపిల్లలు దాని కంటికి వేట వస్తువులే. పల్లెలో పక్కింటి కోళ్లగూడు ఖాళీ అయితే తగువు కోడి ఖరీదుతో తీరదు.

ఊళ గురించి విడిగా చెప్పుకోవాలి. హస్కీ మొరగడం తక్కువ, ఊళ పెట్టడం ఎక్కువ. గొంతులో రకరకాల స్వరాలు మారుస్తూ మాట్లాడినట్టు కూనిరాగాలు తీస్తుంది. వీడియోల్లో అందరూ మురిసిపోయేది దీనికే. గుంపుగా బతికిన కుక్కలకు అది ఒకదానినొకటి పిలుచుకునే భాష. ఒంటరిగా వదిలేసిన హస్కీ గంటల తరబడి అలాగే పిలుస్తూ ఉంటుంది. మన ఊళ్లలో రాత్రిపూట కుక్క ఊళ పెడితే చావు కబురు వస్తుందన్న నమ్మకం ఇంకా బలంగానే ఉంది. కింది అంతస్తులో మంచాన పడ్డ పెద్దాయన ఉంటే, పై అంతస్తులో హస్కీ ఊళకు ఆ ఇంటివాళ్లు ఎంత కలవరపడతారో ఆలోచించాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని, లిఫ్టులు వాడుకోనివ్వాలని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. హక్కు ఉన్నంత మాత్రాన పొరుగువారి నిద్ర విలువ తగ్గిపోదు.

ఇక తిండి. ఒంటి సైజుకు హస్కీ తినేది తక్కువ, అది జాతి లక్షణమే. ఆకలి లేదని బెంగపడి బలవంతంగా తినిపించనక్కర్లేదు. మన ఇళ్లలో కుక్కకు పెట్టేది సాధారణంగా పెరుగన్నం, పాలన్నం, మిగిలిన కూర కలిపిన అన్నం. హస్కీకి ఈ పద్ధతి రెండు విధాలా పడదు. దాని వంశం పిండిపదార్థానికి పెద్దగా అలవాటు పడలేదు, మాంసకృత్తులు, కొవ్వు ప్రధానంగా ఉండాలి. రెండోది జింకు లోపం. హస్కీల్లో కొన్నిటికి తిండిలోని జింకును గ్రహించే శక్తి పుట్టుకతోనే తక్కువ. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొలుసులు, పక్కులు కట్టి బొచ్చు ఊడుతుంది. ధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం, అతిగా ఇచ్చే కాల్షియం ఆ కాస్త జింకును కూడా ఒంటికి పట్టనివ్వవు. అంటే రోజూ పెరుగన్నం పెట్టి, పైనుంచి బలానికని కాల్షియం టానిక్ పోస్తే ఆ జబ్బుకు చేజేతులా దారి చేసినట్టే. గజ్జి అనుకుని నెలల తరబడి మందులు పూసేవాళ్లున్నారు. వైద్యుడు గుర్తిస్తే జింకు మాత్రలతో అదుపులోకి వస్తుంది, చాలా కుక్కలకు అవి జీవితాంతం వాడాలి. కూర కలిపిన అన్నంలో మరో ముప్పు ఉల్లి, వెల్లుల్లి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లిస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. పండగపూట పాయసం గిన్నె కింద పెట్టేముందు అందులో కిస్‌మిస్ ఉందని గుర్తుంచుకోవాలి.

మొత్తం మీద హస్కీ ఆరోగ్యమైన జాతే. పెద్ద కుక్కలను వేధించే తుంటికీలు జబ్బు దీనిలో తక్కువ. బలహీనత కళ్లలో ఉంది. చిన్న వయసులోనే వచ్చే శుక్లం, నల్లగుడ్డు మీది పొర మసకబారడం, రెటీనా క్రమంగా క్షీణించడం వంశపారంపర్యంగా వస్తాయి. రెటీనా జబ్బులో ఒక రకం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చేది కావడంతో మగ కుక్కల్లో ఎక్కువ. అందుకే పిల్లను కొనేవాళ్లు దాని కళ్ల రంగు కంటే తల్లిదండ్రుల కంటి పరీక్ష పత్రం చూడాలి. మన వాతావరణం తెచ్చిపెట్టే జబ్బులు వీటికి అదనం. దట్టమైన అడుగు బొచ్చులో పిడుదులు దాక్కుంటే కంటికి కనిపించవు. అవి తెచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కునుంచి రక్తం కారే దాకా ఎవరూ గమనించకపోవడం జరుగుతూనే ఉంది. వానాకాలంలో తడి ఆరని బొచ్చు కింద చర్మం పుండ్లు పడుతుంది.

పిల్లను అమ్మే చోట చట్టం ఉంది, అమలు పలచన. 2016 ఏప్రిల్‌లో కేంద్రం వ్యాపారానికి, పిల్లల ఉత్పత్తికి విదేశీ కుక్కల దిగుమతిని కట్టడి చేసింది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తమిళనాడు ఒక అడుగు ముందుకేసి, 2024లో ప్రకటించిన తన విధానంలో ఆ రాష్ట్ర వాతావరణానికి సరిపడవని హస్కీతో సహా 11 జాతుల పిల్లల ఉత్పత్తిని నిషేధించింది. తెలుగు రాష్ట్రాల ఎండ తమిళనాడు ఎండ కంటే చల్లనిదేమీ కాదు. ఆ ఆలోచన ఇక్కడ కూడా రావలసిందే. పెంచేవాళ్లకు వర్తించే చట్టం ఇంకా పాతది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కుక్కను పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడాన్ని, ఎప్పుడూ బంధించి ఉంచే కుక్కకు వ్యాయామం ఇవ్వకపోవడాన్ని, కారణం లేకుండా వదిలేయడాన్ని నేరాలుగా పేర్కొంది. మేడ మీద రేకుల షెడ్డులో కట్టేసిన హస్కీకి ఈ సెక్షన్ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంత చెప్పాక హస్కీ ఎక్కడా పెంచదగని కుక్క అనుకుంటే అది కూడా తప్పే. కశ్మీర్, లదాఖ్, హిమాచల్ కొండల్లో దానికి ఏడాదిలో చాలా నెలలు సుఖంగా గడుస్తాయి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మంచు, పెరడు, నడక దారులు మూడూ అందుబాటులో ఉంటాయి. రోజూ పరుగెత్తే అలవాటున్న ఇల్లయితే అక్కడ హస్కీకి మించిన తోడు దొరకదు. అదే డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్లకు వేసవి లెక్క దాదాపు హైదరాబాద్ లెక్కే. మన దగ్గర లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున గడ్డకట్టేంత చలి పడినా అది కొన్ని రోజుల ముచ్చట, ఆ ప్రాంతంలో కూడా వేసవి వేసవే.

ఇప్పటికే ఇంట్లో హస్కీ ఉన్నవాళ్లు దాన్ని వదిలించుకోవాలన్నది ఈ సమీక్ష తాత్పర్యం కాదు. వదిలేసిన హస్కీ వీధిలో ఒక వేసవి కూడా బతకదు. ఇంట్లో ఉన్న హస్కీకి పగలు చల్లని గది, కరెంటు పోతే చూసుకునే మనిషి, తెల్లవారకముందు నడక, అడుగు బొచ్చుకు దువ్వెన, కంచంలో మాంసకృత్తులు, ఏటా టీకాలు, కంటి పరీక్ష అందాలి. ఇవి అందని ఇల్లయితే అందించగల ఇంటిని వెతికి, వైద్యుడి సాయంతో అప్పగించడం మేలు. పరుగెత్తే ఓపిక, చల్లని గది రెండూ ఉండి హస్కీయే కావాలనుకునేవాళ్లు, యజమానులు వదులుకున్న పెద్ద హస్కీల కోసం ముందు జంతు ఆశ్రయాల్లో అడగాలి. కుక్క కావాలి, జాతి ఏదైనా పరవాలేదు అనుకునేవాళ్లకు వీధిలో పుట్టిన నాటు పిల్లలున్నాయి. ఈ నేల ఎండకు వాటి ఒళ్లు తరాల కిందటే అలవాటు పడింది. తెలుగు మైదానాల్లో కొత్తగా హస్కీ పిల్లను కొనడం మాత్రం, ఎంత ప్రేమతో కొన్నా, ఆ కుక్కకు మేలు చేయదు.